నిద్రకు ఎన్ని డిగ్రీలు?

తిరుపతి నుంచి మదనపల్లెకు బస్సులో పోతుంటే భాకరాపేట కనుమ దాటాక గాలి మారుతుంది. చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి కనుమ ఎక్కినా అంతే. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు ఆ సంగతి మొహానికే తెలుస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ మైసూరు పీఠభూమి తూర్పు అంచున, సముద్రమట్టానికి 700 మీటర్ల అటూ ఇటూ ఎత్తులో ఉన్న ఊళ్లు. వెయ్యి మీటర్లు పైకి వెళితే గాలి వేడి సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన సముద్రతీరంతో పోలిస్తే ఈ ఊళ్లకు ఎత్తువల్లనే నాలుగున్నర డిగ్రీల చలవ దక్కుతోంది. పైగా ఇక్కడి గాలిలో తేమ తక్కువ. మబ్బు లేని రాత్రి పొడిగాలి గుండా నేల తన వేడిని ఆకాశంలోకి త్వరగా వదిలేస్తుంది. అందుకే మధ్యాహ్నం ఎండ ఎంత మండినా తెల్లవారుజాముకు దుప్పటి కోసం చెయ్యి వెతుక్కుంటుంది.

ఈ చలవను నమ్ముకునే 1910ల్లో మదనపల్లె పక్కన క్షయరోగుల కోసం ఒక ఆరోగ్యకేంద్రం వెలిసింది. అనేక క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన ఆ శానిటోరియం వల్లనే ఆ చోటుకు ఆరోగ్యవరమన్న పేరు స్థిరపడింది. దాని తొలి సూపరింటెండెంటు డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. క్షయకు మందు లేని రోజులవి. చల్లని పొడిగాలి, మంచి తిండి, విశ్రాంతి మాత్రమే వైద్యుల చేతిలో ఉన్నవి. ఆ కాలపు శానిటోరియంలలో రోగుల మంచాలను వరండాల్లో, గాలి ధారాళంగా ఆడేచోట వేసేవారు. ఆ తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన ప్రసిద్ధ అధ్యయనం, మందులు సరిగా వేసుకుంటే ఇరుకు ఇళ్లలో ఉన్నవాళ్లకు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లలాగే క్షయ నయమవుతుందని తేల్చింది. చల్లగాలి క్షయను నయం చెయ్యదు. అయితే నిద్ర సంగతి వేరు. నిద్రకు చల్లగాలి అవసరం ఎంతటిదో గత యాభై ఏళ్ల పరిశోధన చాలా వివరంగా చెబుతోంది. వాతావరణ శాఖ రాయలసీమ నివేదికల్లో కడప, కర్నూలు, తిరుపతిలతో పాటు ఆరోగ్యవరం ఉష్ణోగ్రత కూడా కనిపిస్తుంది. ఆ అంకెలు చూసినవారికి ఒక ప్రశ్న రాకమానదు. రాత్రి ఇంత చల్లబడే సీమలో మనుషులు ఎండాకాలమంతా ఉక్కపోతతో పక్క మీద ఎందుకు దొర్లుతున్నారు?

ఒళ్లు చల్లబడితేనే నిద్ర

మన ఒంటి లోపలి వేడి రోజంతా ఒకేలా ఉండదు. సాయంత్రం అది గరిష్ఠానికి చేరి, చీకటి పడ్డాక నెమ్మదిగా దిగడం మొదలుపెట్టి, తెల్లవారుజామున నాలుగైదు గంటలకు కనిష్ఠానికి వస్తుంది. ఈ రెంటికీ తేడా దాదాపు ఒక డిగ్రీ. చూడ్డానికి చిన్న అంకే. కానీ ఒక డిగ్రీ పెరిగితే జ్వరమంటాం కదా, ఒంటికి అది పెద్ద మార్పే. ఈ దిగుడు జోరందుకున్న వేళకే మనకు కళ్లు మూతలు పడతాయి.

లోపలి వేడి దిగాలంటే అది బయటికి పోవాలి. పోయే దారి చర్మం, అందులోనూ అరచేతులు, అరికాళ్లు. పడుకునే వేళ దగ్గరపడేకొద్దీ అక్కడి రక్తనాళాలు విచ్చుకుంటాయి. వెచ్చని నెత్తురు చర్మం దాకా వచ్చి, వేడిని గాలికి అప్పగించి, చల్లబడి లోపలికి మళ్లుతుంది. నిద్రకు జోగుతున్న పసిబిడ్డ అరికాలు పట్టుకుని చూస్తే వెచ్చగా తగిలేది ఇందుకే. 1999లో స్విట్జర్లాండులోని బాసెల్ శాస్త్రజ్ఞులు, చేతులూ కాళ్లూ వెచ్చబడిన మనిషికి నిద్ర త్వరగా పడుతుందని కొలిచి చూపించారు. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే హాయిగా నిద్ర పట్టడంలోని రహస్యమూ ఇదే. వేడినీళ్లు చర్మంలోకి నెత్తురును రప్పిస్తాయి. స్నానం అయ్యాక ఆ నెత్తురు లోపలి వేడిని వేగంగా బయట పారబోస్తుంది. పడకకు ఒకటి రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీటితో స్నానం చేసినవారు దాదాపు 10 నిమిషాల ముందుగా నిద్రలోకి జారుకున్నారని 2019లో టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ క్రోడీకరించి తేల్చారు. ఎండాకాలం రాత్రి మంచుముక్కల్లాంటి చన్నీళ్లు గుమ్మరించుకుంటే అప్పటికి ప్రాణం లేచివచ్చినట్టున్నా, చర్మంలోని నాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే నిలుస్తుంది. గోరువెచ్చని నీళ్లే మేలు.

నిద్రపోతున్న పెద్దమనిషి ఒళ్లు కూడా దాదాపు 70 వాట్ల వేడి వెలువరిస్తుంది. తలుపులు మూసిన చిన్న గదిలో నలుగురు పడుకుంటే 280 వాట్లు. ఆ వేడిని తీసుకునే గాలి తానే వేడెక్కి ఉంటే ఒళ్లు చెమటను ఆశ్రయించాలి. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అప్పుడు లోపలి వేడి దిగదు, నిద్ర కుదరదు. పగలు 40 డిగ్రీలు దాటిన మదనపల్లె కంటే 36 డిగ్రీల నెల్లూరులో రాత్రి ఎక్కువ ఇబ్బందిగా ఉండడానికి ఈ తేమే కారణం.

పట్టుపురుగుల గదిలో థర్మామీటరు

కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె పల్లెల్లో మల్బరీ తోటలున్న రైతులకు గది వేడి గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పట్టుపురుగుల షెడ్డులో గోడకు థర్మామీటరు వేలాడుతుంటుంది. చాకీ దశలో, అంటే పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు, 27, 28 డిగ్రీల వేడీ దండిగా తేమా కావాలి. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడవడం, దాటి ఆకు ఆవురావురుమని తినే దశకు 24, 25 డిగ్రీలు, కాస్త తక్కువ తేమ చాలు. ఎండ ముదిరితే రైతు షెడ్డు కప్పు మీద కొబ్బరిమట్టలు పరుస్తాడు, కిటికీలకు గోనెపట్టలు కట్టి నీళ్లు చల్లుతాడు, సాయంత్రం చల్లగాలి రాగానే పట్టలు ఎత్తేస్తాడు. రెండు మూడు డిగ్రీలు తప్పితే పురుగు మేత మానేస్తుందనీ, గూడు పలచబడుతుందనీ, చేసిన అప్పు మిగులుతుందనీ అతనికి తెలుసు.

పురుగుకు సొంత వేడి లేదు. గది వేడే దాని ఒంటి వేడి. మనిషి అలా కాదు, బయట ఎలా ఉన్నా లోపల 37 డిగ్రీల దగ్గర నిలబెట్టుకుంటాడు. నిద్రలో మాత్రం ఈ కాపలా ఒక్కోసారి సడలుతుంది. గాఢనిద్ర తర్వాత కలలు వచ్చే నిద్ర మొదలైనప్పుడు, చెమట పట్టించే, వణుకు పుట్టించే యంత్రాంగం మందగిస్తుంది. ఇటలీలోని బొలోనా విశ్వవిద్యాలయంలో పియెర్ లుయీజీ పార్మెజానీ పిల్లుల మీద ఏళ్ల తరబడి పరిశోధించి, కలల నిద్రలో ఆ యంత్రాంగం దాదాపు ఆగిపోతుందని చూపించాడు. మనుషుల్లో పూర్తిగా ఆగదు కానీ బాగా నెమ్మదిస్తుంది. ఆ కొద్ది నిమిషాలూ మనిషి పట్టుపురుగులా గది దయమీద ఆధారపడతాడు. గది మరీ వేడిగానో మరీ చలిగానో ఉంటే మెదడు ఆ ప్రమాదానికి సిద్ధపడదు. కలల నిద్రను కుదిస్తుంది, లేదా మనిషిని లేపేస్తుంది.

కలల నిద్ర ఎక్కువగా వచ్చేది రాత్రి చివరి జాముల్లో. గాఢనిద్ర ఎక్కువగా వచ్చేది తొలి జాముల్లో. వేడిగది రెంటినీ తినేస్తుంది. తొలి రాత్రి సెగ గాఢనిద్రను కోస్తే, అటూ ఇటూ దొర్లి పడుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. కుప్పం నుంచి బెంగళూరుకు తెల్లవారుజాము రైలు పట్టుకుని పనికి పోయేవారి సంగతి చూడండి. గది చల్లబడి, ఒళ్లు చల్లబడి, నిద్ర చిక్కబడే వేళకు వాళ్ల అలారం మోగుతుంది. కోల్పోయింది గంటా రెండు గంటలే అనిపించినా, అందులో పోయింది జ్ఞాపకాలు కుదురుకునే, మనసు తేరుకునే నిద్ర.

ఎవరి అంకె ఎవరికి?

పడకగది 18 డిగ్రీలుండాలని చాలాచోట్ల చదువుతాం. ఆ అంకె చలిదేశాలది. అక్కడివాళ్లు మందపాటి రజాయి కప్పుకుంటారు. ఎక్కడివారైనా సరే, హాయిగా నిద్రపోతున్న మనిషి చర్మానికీ దుప్పటికీ మధ్యనున్న గాలిని కొలిస్తే 32 నుంచి 34 డిగ్రీల మధ్య ఉంటుంది. అసలు కావలసింది ఆ వెచ్చదనం. లండన్‌వాడు 18 డిగ్రీల గదిలో రజాయితో దాన్ని సాధిస్తాడు, పుంగనూరువాడు 26 డిగ్రీల గదిలో పలచని నూలు దుప్పటితో సాధిస్తాడు. చర్మం ఈ తేడాలను ఎంత నాజూగ్గా పసిగడుతుందో నెదర్లాండ్స్ పరిశోధకులు 2008లో చూపించారు. నీళ్లు పారే ప్రత్యేకమైన దుస్తుల ద్వారా చర్మం వేడిని 0.4 డిగ్రీలు మాత్రమే పెంచితే వృద్ధులకు రాత్రి మెలకువలు తగ్గి నిద్ర గాఢమైంది.

వృద్ధుల గురించి మరో మంచి లెక్క ఉంది. 2023లో బోస్టన్‌లోని పరిశోధకులు పెద్దవయసువారి ఇళ్లలోనే వేడినీ నిద్రనీ కొలిచారు. గది 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు వారి నిద్ర బాగుంది. 25 నుంచి 30కి పెరిగేకొద్దీ నిద్ర నాణ్యత 5 నుంచి 10 శాతం పడిపోయింది. అయితే అందరికీ ఒకే అంకె సరిపోలేదని కూడా వాళ్లే గమనించారు. ఇక కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం బృందం 68 దేశాల్లో 47 వేలమంది చేతిపట్టీల నుంచి సేకరించిన సమాచారంతో 2022లో మరో సంగతి చెప్పింది. రాత్రి వేడి వల్ల సగటు మనిషి ఏడాదికి 44 గంటల నిద్ర పోగొట్టుకుంటున్నాడు. వృద్ధులకు ఈ దెబ్బ రెట్టింపు, పేదదేశాలవారికి మూడింతలు.

మన అలవాట్లకు, పలచని బట్టకు, తిరిగే ఫ్యానుకు సరిపోయేలా చెప్పాలంటే 24 నుంచి 27 డిగ్రీల గది చాలామందికి హాయినిస్తుంది. ఫ్యాను గాలిని చల్లబరచదు, కానీ చర్మం మీది వెచ్చటి గాలిపొరను తోసేసి చెమటను ఆరబెడుతుంది. గాలి ఆడితే 28 డిగ్రీల గది కూడా రెండు మూడు డిగ్రీలు తక్కువగా తోస్తుంది. గది 35 దాటితే మాత్రం ఫ్యాను వేడిగాలినే ఒంటిమీదికి తోస్తుంది. అప్పుడు తడిబట్టతో ఒళ్లు తుడుచుకుని ఫ్యాను కింద పడుకుంటేనే ఉపయోగం.

పసిబిడ్డల విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. రెండు మూడు అడుగుల పుంగనూరు ఆవును చూడండి. బరువుతో పోలిస్తే దాని చర్మం ఎక్కువ, అందుకని పెద్ద ఆవు కంటే వేడిని సులువుగా వదిలేస్తుంది. పసిబిడ్డకూ బరువుకు మించిన చర్మం ఉంటుంది, చలికి త్వరగా చల్లబడేది అందుకే. కానీ తలకు ఉన్ని టోపీ, కాళ్లకు మేజోళ్లు, పైన కంబళి చుట్టి మూసిన గదిలో పడుకోబెడితే వేడి వదలడానికి బిడ్డకు దారే ఉండదు. అతివేడి పసిబిడ్డల ఆకస్మిక మరణాలకు తోడయ్యే కారణాల్లో ఒకటని వైద్యులు ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. బిడ్డ మెడవెనుక చెమట పడితే ఒక బట్ట తీసేయాలి. నిద్రలో తలకు టోపీ వద్దు.

దోషం రాత్రిది కాదు, కప్పుది

ఇంత చల్లబడే రాత్రుల్లో ఉక్కపోత ఎందుకన్న మొదటి ప్రశ్నకు జవాబు మన తలపైనే ఉంది. మదనపల్లె రాత్రి పది గంటలకు డాబా ఎక్కితే చల్లగాలి. మెట్లు దిగి గదిలోకి వస్తే ఉక్క. ఈ తేడా తెచ్చిపెట్టేది కాంక్రీటు శ్లాబు. ఎండలో నల్లబారిన శ్లాబు పైభాగం మిట్టమధ్యాహ్నం 55, 60 డిగ్రీల దాకా కాలుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు దాటి లోపలికి రావడానికి ఆ వేడికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పొద్దు వాలేసరికి గది పైకప్పు లోపలివైపు మండుతూ ఉంటుంది, అర్ధరాత్రి దాకా సెగ విడుస్తూనే ఉంటుంది. కుప్పం దగ్గర కంగుంది కొండ బండల మీద పొద్దుగూకాక కూర్చున్నవారికి రాయి దాచుకున్న వేడి ఎంతసేపు ఉంటుందో తెలుసు. అలాంటి బండనే మనం తలమీద కట్టుకుని పడుకుంటున్నాం. గదిలోని గాలి 29 డిగ్రీలే ఉన్నా, కప్పు 36 ఉంటే కింద పడుకున్న ఒంటికి అది 29 అనిపించదు. కప్పు నుంచి వచ్చే వేడి కిరణాలు నేరుగా చర్మానికి తగులుతాయి. ఫ్యాను కప్పు కింద చేరిన వేడిగాలిని దించి మొహాన కొడుతుంది.

ఏసీ ఉన్న ఇంట్లో జరిగేదీ ఇక్కడే అర్థమవుతుంది. రాత్రి పదింటికి కప్పు సెగకు తట్టుకోలేక 20 డిగ్రీలకు పెడతారు. తెల్లవారుజామున మూడు గంటలకు కప్పు చల్లారుతుంది, ఒంటి వేడి కనిష్ఠానికి దగ్గరవుతుంది, కలల నిద్ర వచ్చి వణుకు యంత్రాంగం మందగిస్తుంది, ఏసీ మాత్రం 20 దగ్గరే ఊదుతూ ఉంటుంది. మనిషి ముడుచుకుని మేలుకుంటాడు. కేంద్ర ప్రభుత్వం 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు మొదట 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నియమం పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఈ పీఠభూమిలో 26 దగ్గర పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పి, రెండు మూడు గంటలకు ఆగిపోయేలా టైమరు పెట్టుకుంటే చాలు. ఆ వేళకు బయటి గాలి ఏసీ పని తానే చేస్తుంది, కిటికీ తెరవాలంతే.

మన పెద్దల మట్టిమిద్దె ఈ లెక్కను మరోలా పరిష్కరించింది. దంతెలమీద కట్టెలు పేర్చి, వాటిమీద అడుగు మందాన మట్టి, ఆపైన చవుడు వేసి దిమ్మిస కొట్టిన కప్పులో పగటివేడి దారిలోనే చాలావరకు అణిగిపోతుంది. వానకు కారుతుందనీ ఏటేటా చవుడు వెయ్యాలనీ జనం దాన్ని వదిలేశారు. అందులో తప్పేమీ లేదు. సిమెంటు రేకుల ఇల్లు దీనికి పూర్తిగా భిన్నం. పగలు పొయ్యిలా ఉడికిస్తుంది కానీ, పలచన గనక పొద్దు వాలాక త్వరగా చల్లారుతుంది. అర్ధరాత్రికి కొన్ని రేకుల ఇళ్లు పక్కనున్న శ్లాబు ఇంటికన్నా చల్లగా ఉంటాయి. చలికాలంలో అదే రేకు ఇంటిని గజగజలాడిస్తుంది. పల్చని కప్పుకు పగలు బాధ, బరువైన కప్పుకు రాత్రి బాధ. నిద్రకోసం చూస్తే రెండో బాధే పెద్దది.

రాత్రిని గదిలోకి తెచ్చుకోవడం

చెయ్యాల్సిన పనుల్లో మొదటిది కప్పును తెల్లగా ఉంచడం. ఎండాకాలం రాకముందే డాబా మీద చిక్కని సున్నం పూస్తే ఎండలో పెద్దభాగం వెనక్కి మళ్లిపోతుంది. ఎక్కువకాలం నిలవాలంటే తెల్లని కూల్‌రూఫ్ పెయింటు, లేదా తెల్ల టైల్సు ముక్కలు. హైదరాబాదులో పేదల ఇళ్లపై ఇలాంటి పూత వేసి చూసినప్పుడు గది వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఆ అనుభవం మీదనే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్‌రూఫ్ విధానం తెచ్చింది. బోర్లు ఎండే మన ఊళ్లలో డాబా మీద నీళ్లు పోయడం కంటే షెడ్డు రైతులా కొబ్బరిమట్టలో పచ్చని నెట్టో నీడగా వెయ్యడం తెలివైన పని.

రెండోది కిటికీ. పగలు బయటి గాలి లోపలిదానికన్నా వేడి, అప్పుడు మూసి ఉంచాలి. పొద్దు వాలి బయట చల్లబడగానే ఎదురెదురు కిటికీలు రెండూ తెరవాలి. దోమల భయంతో మూసుకునేవారికి కిటికీ మెష్ మంచి పెట్టుబడి. దోమతెర కంటే అదే మేలు, తెర ఫ్యాను గాలినీ ఆపేస్తుంది.

మూడోది పడక. స్పాంజి పరుపు ఒంటి కింద వేడిని పట్టి ఉంచుతుంది. నులకమంచం, నవారు మంచం కింది నుంచి కూడా గాలి ఆడనిస్తాయి. నేలమీద చాప వేసుకుంటే కప్పుకు దూరంగా, చల్లని గచ్చుకు దగ్గరగా ఉంటాం. మిద్దెమీద పడుకునే అలవాటుకు సాటి వచ్చేది లేదు. అక్కడ ఒళ్లు తన వేడిని చల్లని ఆకాశానికే నేరుగా ఇచ్చేస్తుంది. పిట్టగోడ మాత్రం ఎత్తుగా ఉండాలి.

డిసెంబరు, జనవరుల్లో కథ తిరగబడుతుంది. ఆ రోజుల్లో అరికాళ్లు చల్లబడితే నెత్తురు అక్కడికి రాదు, నిద్రా రాదు. మేజోళ్లు, బొంత, కంబళి చాలు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇవన్నీ ఇంటివాళ్లు చేసుకోగల పనులు. కానీ కాలనీ ఇళ్ల నమూనాలు గీసేది, శ్లాబు మందం నిర్ణయించేది, ఒకే కిటికీతో గది కట్టేది వాళ్లు కాదు. ఇల్లు నిలబడుతుందా, కారుతుందా అని చూసే ఇంజనీరు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. మే నెలలో రాత్రి పది గంటలకు ఈ కప్పు లోపలివైపు ఎన్ని డిగ్రీలుంటుంది? ఒక తెల్లపూత, ఎదురుగా రెండో కిటికీ, కప్పుమీద కాస్త నీడ. వీటి ఖర్చు ఏసీ ఖర్చులో చిన్న వంతు. ప్రభుత్వ ఇళ్ల అంచనాల్లో వీటికి చోటు దొరికితే, పొలంలోనో మగ్గం మీదనో పగలంతా కష్టపడిన మనిషికి రావలసిన నిద్ర వస్తుంది. ఈ సీమలో చల్లదనాన్ని ఎవరూ తయారుచెయ్యనక్కర్లేదు. ప్రతి రాత్రీ ఉచితంగా గడప దాకా వచ్చే దాన్ని లోపలికి రానిచ్చేలా ఇల్లు కట్టుకుంటే చాలు.